పవర్ బ్యాంకు – దాని ఎన్నిక, వినియోగం

మా చిన్ననాట ఊరికి బయలుదేరే పెద్దలు హోల్డాలు, మరచెంబులతోపాటు టార్చిలైటును కూడ సర్దుకొనేవారు. ముందునాడే దానిని ఒకసారి వెలిగించి చూచేవారు. వెలుగు ఎర్రబారి ఉంటే సెల్లులను బయటికి తీసి, మిద్దెమీద ఎండలో పెట్టేవారు. సాయంత్రానికి వాటికి కొంత ప్రాణం వచ్చి, ఆ రాత్రికి త్రోవ చూపేవి. ఎండవేడికి సెల్లులోని రసాయన చర్య కొంత చురుకు కావడమే అందుకు కారణమని నేను చాలకాలం తరువాత తెలుసుకొన్నాను. ఆనాటి టార్చిసెల్లుల స్థానాన్ని ఈనాడు పవర్ బ్యాంకు ఆక్రమించింది. ఐతే పెద్దలనాటి ఆ ఎండబెట్టే అలవాటు దీని విషయంలో ప్రాణాలమీదికి తెస్తుంది. చూపునకు రెండూ ఒక జాతివే. లోపలి స్వభావంలో మాత్రం ఎంతో భేదం ఉన్నది. ఆ భేదం తెలియక కొనేవారు, తెలియక వాడేవారు మన మధ్య అధికంగా ఉన్నారు.

నేటి విద్యార్థి ప్రయాణంలో టార్చిలైటు కనబడదు. ఆ పనిని సెల్‌ఫోను చేస్తున్నది. అంతమాత్రమే కాదు. రైలు టిక్కెట్టు, గుర్తింపు పత్రం, చేతిఖర్చుకు డబ్బు, దిగిన తరువాత పోవలసిన త్రోవ, ఎదురుచూచే బంధువుల నంబరు, ఇవన్నీ ఆ ఒక్క యంత్రంలోనే ఇమిడి ఉన్నవి. పూర్వం జేబుదొంగకు చిక్కితే పోయేది డబ్బు మాత్రమే. ఇప్పుడు ఫోను ఆరిపోతే అన్నీ ఒక్కసారే పోతాయి. 'ఛార్జింగ్ ఖతం' అన్న మాటను మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం వారూ, తెలుగు మాధ్యమం వారూ ఒకే విధంగా, ఒకే దిగులుతో పలుకుతారు. ఉద్యోగపు ఇంటర్వ్యూకు పరరాష్ట్రం వెళ్ళిన మన పూర్వ విద్యార్థి ఒకరు స్టేషనులో దిగేసరికి ఫోను ఆరిపోయినదట. కార్యాలయం చిరునామా అందులోనే ఉన్నది. ఆటోకు ఇవ్వవలసిన డబ్బూ అందులోనే ఉన్నది. టీ దుకాణంవారి దయతో అరగంట ఛార్జింగు పెట్టుకొని ఆయన అక్కడికి చేరేసరికి పిలుపు దాటిపోయింది. ఇటువంటి సమయాలలో 200 గ్రాముల బరువుగల ఒక పెట్టె విలువ తెలిసివస్తుంది.

ఐతే ఈ వ్యాసం వ్రాయాలన్న సంకల్పం కలగడానికి కారణం అది కాదు. నిరుడు మా భౌతికశాస్త్ర విద్యార్థులను తీసుకొని విశాఖపట్నం విజ్ఞానయాత్రకు వెళ్ళినప్పుడు స్లీపరు పెట్టెలో జరిగిన ఒక సంఘటన. రాత్రి పన్నెండు దాటిన తరువాత నాకు మెలకువ వచ్చింది. పెట్టెలో ఏదో తీయని ఘాటువాసన. గోళ్ళరంగు సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసనను పోలి ఉన్నది. వెదకి చూడగా, పైబెర్తుమీద నిద్రించే ఒక విద్యార్థి తలక్రింది దుప్పటి మడతలలో పవర్ బ్యాంకు ఉన్నది. దానికి ఫోను తగిలించి ఉన్నది. పెట్టె ముట్టుకొనలేనంత వేడిగా ఉండి, కడుపు ఉబ్బి, అంచు విడిపోయి ఉన్నది. తీగ లాగివేసి, దానిని మా భోజనాల స్టీలు గిన్నెలో వేసి, మూత పెట్టకుండ తలుపు దగ్గర ఇనుపనేలమీద ఉంచి, ప్రక్కన రెండు నీళ్ళసీసాలు పెట్టుకొని తెల్లవారేదాక కాపలా కాచాము. రైలు సిబ్బందికి కూడ తెలియజేశాము. అదృష్టవశాత్తు మంట రాలేదు. అది మెల్లగా చల్లబడింది. ఆ విద్యార్థి తప్పు ఇందులో తక్కువ. దానిని అతడు ఒక స్టేషను వెలుపల కాలిబాటమీద చవకగా కొన్నాడు. దానిమీద '50000' అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉన్నది. ఆ అంకెనే అతడు నమ్మాడు.

ఆ అంకె ఎంతవరకు నమ్మదగినదో తెలియాలంటే పెట్టెలోపల ఏమున్నదో చూడవలసి ఉంటుంది. పవర్ బ్యాంకులో ఉండేది లిథియం-అయాన్ ఘటం. కొన్నింటిలో ఒకటి, కొన్నింటిలో రెండు మూడు, పెద్దవాటిలో ఇంకా ఎక్కువ ఉంటాయి. స్తూపాకారంలో ఉండే ఘటాలలో ప్రసిద్ధమైనదానిని 18650 అంటారు. దాని వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు కావడంచేత ఆ పేరు వచ్చింది. పలుచని పెట్టెలలో సంచి ఆకారపు ఘటాలు ఉంటాయి. ఏ ఆకారంలో ఉన్నా లోపలి ఏర్పాటు ఒక్కటే. గ్రాఫైటు పూసిన రాగిరేకు ఒకవైపు, లిథియంతో కూడిన లోహ ఆక్సైడు పూసిన అల్యూమినియం రేకు మరొకవైపు ఉంటాయి. ఆ రెంటి నడుమ ఒక పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఈ మూటినీ చాపవలె చుట్టి, విద్యుద్విశ్లేష్య ద్రవంతో తడిపి మూసివేస్తారు. ఛార్జింగు చేసేటప్పుడు లిథియం అయానులు ఆక్సైడునుండి గ్రాఫైటులోనికి పోతాయి. వాడేటప్పుడు తిరిగి వస్తాయి. ఇల్లు మారినట్లు అటూ ఇటూ పోవడమేగాని టార్చిసెల్లులోని జింకువలె అరిగిపోవడం ఉండదు. అందుచేతనే దీనిని వందలసార్లు నింపుకొనవచ్చును. ఈ ఘటాన్ని తొలిసారిగా 1991లో సోనీ సంస్థ విపణిలోనికి తెచ్చింది. దీని నిర్మాణానికి పునాదులు వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడెనఫ్‌గారి వయస్సు 97 సంవత్సరాలు. అంత వయస్సులో ఆ బహుమతి పొందినవారు ఆయనకు ముందు ఎవరూ లేరు.

ఆ నడుమనున్న ప్లాస్టిక్ పొరను గురించి ఒక మాట అదనంగా చెప్పాలి. దాని మందం మిల్లీమీటరులో సుమారు యాభైయవ వంతు. మన తలవెంట్రుకకంటె పలుచన. రెండు ధ్రువాలను వేరుగా ఉంచే గోడ అదొక్కటే. పెట్టె గట్టిగా క్రిందపడినా, నలిగినా, తయారీలో ఒక లోహపు నలుసు చిక్కుకొన్నా, లేక వేడి మించినా ఆ గోడకు గండి పడుతుంది. అప్పుడు ఘటంలో నిలువచేసిన శక్తి అంతా వెలుపలి వలయంగుండా మెల్లగా ప్రవహించక లోపలనే ఒక్కసారిగా వేడిగా మారుతుంది. ఆ వేడికి చుట్టుప్రక్కల పొర మరింత కరుగుతుంది. ద్రవం ఆవిరియై, ఆ ఆవిరి అంటుకొంటుంది. ఒక ఘటం అంటుకొంటే ప్రక్క ఘటానికి కూడ ఆ వేడి చాలు. టార్చిసెల్లులో ద్రవం నీటితో చేసినది; ఇందులోని ద్రవం కిరోసినువలె మండే స్వభావం గలది. ఎండలో పెట్టరాదని మొదట చెప్పింది ఇందుచేతనే.

ఇక అంకె విషయం. పెట్టెమీద 10000 అనో, 20000 అనో వ్రాసే అంకె మిల్లీ ఆంపియర్-గంటలను తెలుపుతుంది. ఇది విద్యుదావేశపు కొలతేగాని శక్తి కొలత కాదు. శక్తి తెలియాలంటే దానిని వోల్టులతో గుణించాలి. లోపలి ఘటంయొక్క సగటు వోల్టేజి సుమారు 3.7. కావున 10000 మిల్లీ ఆంపియర్-గంటలు, అనగా 10 ఆంపియర్-గంటలు, 37 వాట్-గంటలకు సమానం. ఐతే ఫోనుకు వెళ్ళే తీగలో ఉండవలసినది కనీసం 5 వోల్టులు. 3.7ను 5గా పెంచే చిన్న విద్యుత్ వలయం పెట్టెలో ఉంటుంది. వోల్టేజి పెరిగితే ఆంపియర్-గంటలు ఆ నిష్పత్తిలో తగ్గవలసిందే. 37ను 5తో భాగిస్తే 7400 మిల్లీ ఆంపియర్-గంటలు మాత్రమే వస్తాయి. పెంచే వలయం తన కూలిగా నూటికి పదో పదిహేనో పుచ్చుకొంటుంది. చివరకు వెలుపలికి వచ్చేది 6000 నుండి 6500 వరకు. ఇది మోసం కాదు, ప్రకృతి నియమం. నిజాయితీగల తయారీదారులు దీనిని దాచరు. పెద్ద అంకె క్రింద సన్నని అక్షరాలలో 'రేటెడ్ కెపాసిటీ' అని మరొక అంకె వేస్తారు. కొనేవారు చదువవలసినది ఆ సన్నని అక్షరాలనే. ఆ అంకెగాని, వాట్-గంటల అంకెగాని ఎక్కడా లేని పెట్టెను తిరిగి దుకాణదారు చేతిలో పెట్టడం మేలు.

దీనిని ప్రయోగశాలలో స్వయంగా చూడాలనుకొనే విద్యార్థులకు ఒక సులభమైన పద్ధతి చెబుతాను. 5 ఓముల నిరోధం, కనీసం 10 వాట్లు తట్టుకొనే తీగచుట్టుడు రకం, ఒకటి కావాలి. నిండుగా ఛార్జి చేసిన మంచి పవర్ బ్యాంకుకు ఒక పాత తీగ ద్వారా దానిని కలిపితే, 5 వోల్టులవద్ద 1 ఆంపియరు ప్రవహిస్తుంది; సెకనుకు 5 జౌళ్ళ చొప్పున, అనగా 5 వాట్ల చొప్పున శక్తి ఖర్చవుతుంది. నిరోధం బాగా కాలుతుంది గనుక దానిని బండమీదనో పెంకుమీదనో ఉంచాలి. మనిషి దగ్గరే ఉండాలి. మేము 10000 అంకెగల ఒక బ్యాంకును ఉదయం 10 గంటలకు కలిపినాము. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు అది ఆరిపోయింది. 6 గంటల 10 నిమిషాలను 5 వాట్లతో గుణిస్తే సుమారు 31 వాట్-గంటలు. లోపల ఉన్నవి 37; వెలుపలికి వచ్చినవి 31. సన్నని అక్షరాలు చెప్పిన అంకెకు ఇది దాదాపు సరిపోయింది. ఆ సాయంత్రం పిల్లల ముఖాలలో కనిపించిన సంతోషం వారి రికార్డు పుస్తకాలలో ఎన్నడూ కనబడదు. ఉబ్బినవాటితోను, అనుమానించదగినవాటితోను మాత్రం ఈ ప్రయోగం చేయరాదు.

నేటి మామూలు ఫోనులో సుమారు 5000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ, అనగా 19 వాట్-గంటల శక్తి ఉంటుంది. దానిని నింపేటప్పుడు ఫోనులోను కొంత వృథా అవుతుంది గనుక సుమారు 22 వాట్-గంటలు పోయాలి. ఈ లెక్కన 10000 బ్యాంకు ఒక ఫోనును ఒకటిన్నరసార్లు నింపుతుంది. 20000 బ్యాంకు మూడుసార్లకు కొంచెం తక్కువగా నింపుతుంది. ఒక రాత్రి, రెండు పగళ్ళ ప్రయాణానికి, ఒక్క మనిషికి 10000 చాలును. ఇద్దరు ముగ్గురు కలిసి పోయేవారికి, పరీక్షకని పరాయి ఊరిలో రెండు మూడు రోజులు ఉండేవారికి 20000 మంచిది. అంతకుమించినది విద్యార్థికి మోతబరువే. పెద్దది కొంటే మంచిదన్న భావన ధాన్యపు గాదెకు చెల్లుతుందిగాని భుజాన మోసే సంచికి చెల్లదు.

ఇప్పుడు మన 50000 సంగతి. దానిని యాత్రనుండి తిరిగి వచ్చిన తరువాత కిరాణా దుకాణపు త్రాసులో తూచాము. 190 గ్రాములు తూగింది. 50000 నిజమైతే దానిలో 185 వాట్-గంటలు ఉండాలి. నేటి శ్రేష్ఠమైన ఘటాలలో కిలోకు సుమారు 250 వాట్-గంటలు ఇముడుతాయి. ఆ లెక్కన ఘటాలే 740 గ్రాములు ఉండాలి. పెట్టె, వలయం బరువు వేరు. 190 గ్రాముల పెట్టెలో మహా అయితే ఒక 10000 ఉండవచ్చును. అదికూడ మంచి ఘటమైతే. లోహధాతువును గాలిలో పుట్టించలేము గదా! అందుచేత కొనేముందు తూకం ఒక గొప్ప పరీక్ష. 10000 వ్రాసిన బ్యాంకు ఇంచుమించు 180 నుండి 250 గ్రాములు, 20000 వ్రాసినది 340 నుండి 450 గ్రాములు ఉంటుంది. దీనికి బాగా తక్కువ తూగితే అంకె అబద్ధం. బరువుకోసం పెట్టెలో ఇసుక నింపే పెద్దమనుషులు కూడ ఉన్నారు గనుక తూకం సరిపోయినంతమాత్రాన సరుకు మంచిదని మాత్రం అనుకొనరాదు.

రెండవ పరీక్ష ముద్ర. మన దేశంలో పవర్ బ్యాంకులకు భారత ప్రమాణాల సంస్థవద్ద నమోదు తప్పనిసరి. ఐ.ఎస్. 13252 అనే ప్రమాణం ప్రకారం పరీక్షింపబడిన సరుకుమీద ఆ సంస్థ గుర్తు, దానిక్రింద 'ఆర్' అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలుగల నమోదు సంఖ్య ఉంటాయి. గుర్తును ఎవరైనా అచ్చువేసుకొనవచ్చును. సంఖ్యను మాత్రం బి.ఐ.ఎస్. కేర్ అనే ఆప్‌లో వేసి చూస్తే ఆ సంఖ్య ఏ తయారీదారుకు ఇచ్చినదో తెలుస్తుంది. పెట్టెమీది పేరూ, అక్కడ కనిపించే పేరూ వేరైతే ఇక చెప్పవలసినది లేదు. దుకాణంలో నిలబడి రెండు నిమిషాలలో చేయదగిన పని ఇది. ఐనా మన విద్యార్థులలో చేసేవారు అరుదు. రంగు చూచి, ధర బేరమాడి కొంటారు. పేరుగల సంస్థలు పొరపాటు చేయవని కూడ అనడం లేదు. అంకర్ అనే ప్రసిద్ధ సంస్థ 2025 జూన్‌లో అమెరికాలో ఒక రకానికి చెందిన 11 లక్షలకు పైగా పవర్ బ్యాంకులను నిప్పు భయంచేత వెనుకకు పిలిచింది. ఐతే అటువంటి సంస్థ వెనుకకు పిలుస్తుంది. కాలిబాటమీద అమ్మినవాడు మరునాడు అక్కడ ఉండడు. భేదం అదే.

వాట్లసంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. వాట్-గంటలు కుండలోని నీరైతే, వాట్లు కుండమూతి వెడల్పు. ఫోనుకు 18 లేక 20 వాట్లు ఇచ్చే బ్యాంకు చాలును. ల్యాప్‌టాప్‌కు 45 లేక 65 వాట్లు కావాలి. 'పవర్ డెలివరీ' అన్న మాట పెట్టెమీద ఉండాలి. కొన్ని ఫోను సంస్థలు తమ సొంత ఛార్జరుతో మాత్రమే మెరుపువేగంతో నిండే ఏర్పాటు చేస్తాయి. అవి పవర్ బ్యాంకుతో మామూలు వేగానికే దిగివస్తాయి. అది బ్యాంకు లోపం కాదు. తీగ సన్ననిదైతే ఎంత మంచి బ్యాంకైనా మందగిస్తుంది. బ్యాంకు తాను నిండడానికి పట్టే కాలాన్ని కూడ చూడాలి. 10 వాట్ల పాత ఛార్జరుతో 10000 నిండడానికి నాలుగైదు గంటలు, 20000 నిండడానికి ఇంచుమించు రాత్రి అంతా పడుతుంది. బయలుదేరే గంట ముందు గుర్తుకు వచ్చినవారికి ఏ బ్యాంకూ సహాయపడదు.

వాడకంలో ప్రధాన శత్రువు వేడి అని ముందే సూచించాను. ఈ ఘటాలను ఛార్జి చేయదగిన ఉష్ణోగ్రత సాధారణంగా సున్న నుండి 45 డిగ్రీల సెల్సియస్ వరకు. రామగుండం, కొత్తగూడెం ప్రాంతాల విద్యార్థులకు మే నెల మధ్యాహ్నం ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. నీడలోని గాలే ఆ హద్దును తాకుతుంది. ఎండలో నిలిపిన మూసిన కారులో గంటసేపటికి గాలి వెలుపలికంటె ఇరవై డిగ్రీలు మించుతుంది. బస్సు కిటికీ ప్రక్క, మోటారుసైకిలు ట్యాంకుమీది సంచిలో, మేడమీది రేకులగదిలో బ్యాంకును వదలివేయడం పెద్ద ప్రమాదం. బ్యాంకు తాను నిండుతూ, అదే సమయంలో ఫోనును నింపడం మరొక తప్పు. రెండు పనుల వేడి ఒకేచోట చేరుతుంది. అన్నిటికంటె చెడ్డది దుప్పటిలోను, దిండుక్రింద, బట్టల సంచి నడుమ పెట్టి వాడటం. వేడి పుట్టడం తప్పదు. అది పోవడానికి దారి ఉంటే చాలు. ఆ దారిని మనమే దూదితోను ఉన్నితోను మూసివేస్తున్నాము.

మా విద్యార్థి దుప్పటిలో ఎందుకు పెట్టుకొన్నాడని అడిగితే అతడు చెప్పిన జవాబులో న్యాయం లేకపోలేదు. అగ్నిప్రమాదాల భయంచేత రాత్రి 11 గంటలనుండి ఉదయం 5 వరకు రైలుపెట్టెలలోని ఛార్జింగు సాకెట్లకు విద్యుత్తు ఆపివేయాలని 2021లో రైల్వేవారు నిర్ణయించారు. జనరల్ పెట్టెలలో సాకెటు దొరకడమే కష్టం. దొంగల భయం ఒకవైపు, తెల్లవారి ఫోను నిండి ఉండాలన్న ఆతురత ఒకవైపు. తల దగ్గర పెట్టుకొనక ఏం చేస్తాడు? నేను చెప్పే ఉపాయం ఇది. నిద్రకు ముందు, మెలకువగా ఉన్న గంటసేపటిలో ఫోనును నింపుకొని, తీగ తీసివేసి, బ్యాంకును విడిగా సంచి పై అరలో ఉంచుకొనాలి. నిద్రపోయే ఫోనుకు రాత్రంతా ఖర్చయ్యేది స్వల్పం. మంటకు కాపలా ఉండేది మెలకువే.

స్టేషన్లలోను, బస్సు నిలయాలలోను ఉచితంగా పెట్టిన యు.ఎస్.బి. రంధ్రాలలో ఫోనును నేరుగా తగిలించడం వలన సమాచారం దొంగిలింపబడే అవకాశం ఉన్నదని రిజర్వు బ్యాంకువారు 2022లో వెలువరించిన హెచ్చరిక పుస్తకంలో పేర్కొన్నారు. ఆ రంధ్రానికి పవర్ బ్యాంకును మాత్రమే తగిలించి, బ్యాంకునుండి ఫోను నింపుకొంటే ఆ చిక్కు తప్పుతుంది. దొంగకు దొరికేది ఖాళీ పెట్టె మాత్రమే.

మన విద్యార్థుల కుటుంబాలలో గల్ఫ్ దేశాలకు రాకపోకలు చేసేవారు చాలమంది ఉన్నారు గనుక విమానయానపు నిబంధనలు ఇక్కడ వివరంగా చెప్పడం అవసరం. పవర్ బ్యాంకును సరుకుల అరకు పంపే పెట్టెలో ఎన్నడూ పెట్టరాదు, చేతిసంచిలోనే ఉండాలి. కారణం సుస్పష్టం. మనుషుల మధ్య మంట పుడితే ఎవరో ఒకరు చూచి నీళ్ళు పోస్తారు. క్రింది అరలో పుడితే చూచే కన్ను లేదు. 100 వాట్-గంటల లోపువాటికి ప్రత్యేకానుమతి అక్కరలేదు. 100 నుండి 160 వరకు విమానసంస్థ అనుమతితో రెండింటికి మించకుండ తీసుకొనిపోవచ్చును. 160 దాటితే ప్రయాణికునికి నిషిద్ధం. 20000 బ్యాంకు 74 వాట్-గంటలు గనుక నిర్భయంగా పోవచ్చును. 27000 బ్యాంకు సరిగా అంచుమీద, 100కు ఇసుమంత తక్కువగా ఉంటుంది. 30000 బ్యాంకు 111. అంకె చెరిగిపోయిన బ్యాంకును తనిఖీ అధికారులు అక్కడే ఉంచుకొనవచ్చును. అందుచేత అక్షరాలు అరిగిపోకుండ పారదర్శకమైన టేపు అంటించుకొనడం మంచిది.

ఈ నిబంధనలు ఇటీవల మరింత బిగుసుకొన్నవి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో హాంకాంగ్‌కు బయలుదేరనున్న ఎయిర్ బూసాన్ విమానంలో, తలపై అరలోని సామాను నుండి మంట లేచింది. లోపల ఉన్న 176 మందీ జారుడుబల్లలమీదుగా బయటపడ్డారు. విమానం పైకప్పు కాలిపోయింది. ఒక పవర్ బ్యాంకు లోపల ఇన్సులేషన్ దెబ్బతినడమే కారణమై ఉండవచ్చునని మార్చిలో దర్యాప్తువారు తెలిపారు. విమానం ఇంకా నేలమీద ఉన్నది గనుక సరిపోయింది. అదే సంవత్సరం అక్టోబరులో ఢిల్లీనుండి దిమాపూర్ వెళ్ళవలసిన విమానంలో కూడ, రన్‌వేవైపు సాగుతుండగా ఒక ప్రయాణికుని పవర్ బ్యాంకు అంటుకొన్నది. సిబ్బంది వెంటనే ఆర్పివేశారు. దుబాయి మీదుగా పోయేవారు గమనించవలసిన విషయం ఏమనగా, ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుండి ఒక్కొక్కరికి 100 వాట్-గంటల లోపుగల ఒక్క బ్యాంకును మాత్రమే అనుమతించింది. విమానంలో దానితో ఫోను నింపడాన్ని, దానిని నింపుకొనడాన్ని నిషేధించింది. మన పౌరవిమానయాన డైరెక్టరేటు జనరల్ కూడ 2025 నవంబరునాటి సలహాపత్రంలో వీటిని తలపై అరలో పెట్టరాదనీ, చేతిసామానులోనే ఉంచుకొనాలనీ చెప్పింది. ఈ నిబంధనలు సంస్థనుబట్టి మారుతుంటాయి. టిక్కెట్టు కొన్నప్పుడే తాము పోయే సంస్థవారి నిబంధనను చదువుకొనడం, ముఖ్యంగా తొలిసారి విమానమెక్కే తల్లిదండ్రులకు దానిని పిల్లలు చదివి చెప్పడం అవసరం. ఆపత్సమయంలో ఎవరికైనా మంట కనిపిస్తే దానిని చేతితో పట్టుకొని పరుగెత్తక సిబ్బందిని పిలవాలి. దగ్గర ఉన్న మంచినీటిని ధారాళంగా పోయాలి. నీరు ఇక్కడ మంటను ఆర్పడంతోపాటు ప్రక్క ఘటాన్ని చల్లబరచే పని చేస్తుంది.

ప్రయాణం ముగిసిన తరువాత చాలమంది బ్యాంకును ఖాళీగా అల్మారాలో పడవేసి, మరు సంవత్సరం పండుగ సెలవులకు తీస్తారు. పూర్తిగా ఖాళీగా నెలల తరబడి ఉంచితే ఘటం వోల్టేజి పడిపోయి, తిరిగి నింపేటప్పుడు ప్రమాదకరమవుతుంది. పూర్తిగా నింపి ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. సగం నింపి, చల్లని పొడిచోట ఉంచి, మూడు నెలలకు ఒకసారి చూచుకొనడం సరియైన పద్ధతి. మూడు వందలనుండి ఐదు వందలసార్లు నింపిన తరువాత దాని శక్తి క్రమంగా నూటికి ఎనభై పాళ్ళకు దిగుతుంది. అది సహజమైన వార్ధక్యం. కాని ఉబ్బడం వార్ధక్యం కాదు, రోగం. బల్లమీద పెట్టినప్పుడు దొర్లినట్లు కదిలితే, అంచు విడిచి ఉంటే, తీయని ఘాటువాసన వస్తే, క్రిందపడిన తరువాత ఊరకే వెచ్చబడుతూ ఉంటే, ఆ క్షణాననే దానికి ఛార్జింగు పెట్టడం మానివేయాలి. గుచ్చి చూడడం, విప్పి చూడడం చేయరాదు. కుతూహలం శాస్త్రానికి తల్లియే ఐనా ఇక్కడ మాత్రం వద్దు.

అట్టిదానిని చెత్తకుండీలో వేయరాదు. చెత్తబండిలో నలిగితే అక్కడ అంటుకొంటుంది. కాలేది పారిశుధ్య కార్మికుని చేయి. 2022నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి, పునరుపయోగానికి పంపే బాధ్యత తయారీదారులది. పెట్టెమీద గీతకొట్టిన చెత్తబుట్ట బొమ్మకు అర్థం ఇదే. అధీకృత ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రానికి దానిని అప్పగించాలి.

మా యాత్రలోని ఆ 50000ను తెచ్చి భౌతికశాస్త్ర ప్రయోగశాల వసారాలో, మంటలార్పే ఇసుకబకెట్టు ఒకదానిలో పాతిపెట్టి ఉంచాము. సేకరించేవారు వచ్చి తీసుకొనిపోవడానికి కొన్ని వారాలు పట్టింది. తరువాత కూడ ఆ బకెట్టును అక్కడే ఉంచి, ఉబ్బిన పవర్ బ్యాంకులను ఇందులో వేయవలసిందని ఉర్దూలోను తెలుగులోను వ్రాసి గోడకు అంటించాము. ఈ వ్యాసం వ్రాసే నాటికి అందులో మరి మూడు చేరినవి. వాటిలో ఒకటి మా సహాధ్యాపకులదే.